మాట కొసన మనిషి

(అమలాపురంలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



ఇంగ్లీషు వ్యాకరణంలో ఒక చిన్న విషయం గురించి మాట్లాడతానని స్మారక నిధి కమిటీవారికి ముందే చెప్పాను. మాట చివర చేరే ప్రత్యయం ఆ మాట అర్థాన్ని ఎలా తిప్పేస్తుందన్నది ఆ విషయం. మాస్టారి పేరు మీద జరిగే సభకు ఇంతకన్నా తగినది నాకు తోచలేదు. ఆయన పగలు బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. సాయంత్రం వీధరుగు మీద కూర్చుని ఊళ్లోవాళ్లు తెచ్చిన కాగితాలు చదివి పెట్టేవారు. ఆయన దృష్టిలో ఈ రెండూ ఒకటే పని. ఈ రోజు నేను చెప్పబోయేది కూడా అదే: వ్యాకరణం కాగితం దగ్గర మొదలవ్వాలి.

కోనసీమకు ఇంగ్లీషు కావ్యాల దారిన రాలేదు, కాగితాల దారిన వచ్చింది. ఇవాళ్టికీ మన లంకల్లో ఉన్న ఒక రైతుకు ఇంగ్లీషు ఎక్కడెక్కడ ఎదురవుతుందో ఆలోచించండి. బ్యాంకు చెక్కు, పంటరుణం ఫారం, తనఖా పత్రం, బీమా పాలసీ. కొడుకో కూతురో గల్ఫుకు వెళ్తుంటే చేతికొచ్చే అగ్రిమెంటు. మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, పి.గన్నవరం మండలాల్లో కువైట్, ఖతార్, మస్కట్ అనే పేర్లు పొరుగూళ్ల పేర్లంత మామూలు. ఈ కాగితాలన్నిటిలోనూ ఇద్దరు మనుషులుంటారు. ఒకరు ఇచ్చేవారు, ఒకరు పుచ్చుకునేవారు. ఎవరు ఎవరో తేల్చేది మాట మొదలు కాదు, మాట కొస.

ఎంప్లాయర్, ఎంప్లాయీ. ‘ఎంప్లాయ్’ వరకూ ఇద్దరూ ఒకటే. చివరి ధ్వని దగ్గర ఒకరు యజమాని, ఒకరు పనివారు. రానుపోను టికెట్టు ఎవరు పెట్టుకోవాలి, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, గడువుకు ముందే మానేస్తే నష్టపరిహారం ఎవరు ఎవరికి కట్టాలి అనే వాక్యాలన్నీ ఆ చివరి ధ్వని మీదే నిలబడ్డాయి. గబగబా చదివేవారు ఆ ధ్వనిని మింగేస్తారు. ఇంటి పనికి కువైట్ వెళ్లే మన ఆడవాళ్లు ‘ఖద్దామా వీసా’ అంటారు. అక్కడి నిబంధనల్లో అది ఇరవయ్యో ఆర్టికల్ కింద వచ్చే వీసా. ఇంటి పనివారి కోసం ఆ దేశం 2015లో ప్రత్యేకంగా చట్టం చేసింది. చట్టం ఇచ్చిన హక్కులు కాగితం మీద ఏ పేరు కింద ఉన్నాయో తెలియకపోతే ఆ హక్కులు ఉన్నా లేనట్టే. అరబ్బీలో యజమానిని కఫీల్ అంటారని మనవాళ్లందరికీ తెలుసు. కఫీల్ అంటే పూచీపడినవాడు. ఎవరి కోసం పూచీపడ్డాడో అతను మక్ఫూల్. అరబ్బీ ఈ తేడాను మాట చివర కాక మొదట్లోనూ నడుమనూ చూపిస్తుంది. మనవాళ్లు కఫీల్‌ను గుర్తుపెట్టుకున్నారు, మక్ఫూల్‌ను పెట్టుకోలేదు. ఆ రెండో మాట తమ పేరు కనక గుర్తుపెట్టుకోవలసింది అదే.

ఇంగ్లీషులో ఈ ‘ఈ’ ప్రత్యయం ఎక్కడిది? 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి కోర్టుల్లోకి ఫ్రెంచి వచ్చింది. ఫ్రెంచిలో క్రియకు చివర ఆ ధ్వని చేరితే ‘చేయబడిన’ అనే అర్థం. లీజు పొందినవాడు లెస్సీ, దానం పొందినవాడు డోనీ. ఇచ్చినవాడికి లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘ఆర్’ చేరింది: లెస్సర్, డోనర్. కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. అయినా లాయర్లు తమ ఫ్రెంచి మాటల్ని వదల్లేదు. అలా వకీళ్ల నోట మిగిలిపోయిన ప్రత్యయం ఓడెక్కి మన దాకా వచ్చింది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం తీసి చూడండి. యాభై ఎనిమిదో సెక్షన్‌లో మార్ట్‌గేజర్, మార్ట్‌గేజీ. నూట ఐదో సెక్షన్‌లో లెస్సర్, లెస్సీ. నూట ఇరవై రెండో సెక్షన్‌లో డోనర్, డోనీ. ఈ వేళ అమలాపురం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నడిచే ప్రతి దస్తావేజుకూ ఆ జంటలే పునాది.

ఇక్కడ ఒక చిక్కుంది. దాన్ని తరగతి గదిలో దాటేస్తారు కాబట్టి నేను కాసేపు దాని దగ్గరే ఆగుతాను. ఎంప్లాయీ, ట్రైనీ అని విని, ‘ఈ’ ఉన్నవాడు కింది మనిషి అని పిల్లలు ఊహించుకుంటారు. మార్ట్‌గేజీ దగ్గరికి వచ్చేసరికి ఆ ఊహ తలకిందులవుతుంది. పొలం తనఖా పెట్టి అప్పు తెచ్చుకున్న రైతు మార్ట్‌గేజర్. అప్పిచ్చిన బ్యాంకు మార్ట్‌గేజీ. డబ్బు బ్యాంకే ఇచ్చింది, అందుకని బ్యాంకే ‘ఆర్’ అయ్యుండాలని మనకు అనిపిస్తుంది. కానీ ఆ మాట లెక్కపెట్టేది డబ్బును కాదు, తనఖాను. తనఖా ఇచ్చినవాడు రైతు, పుచ్చుకున్నది బ్యాంకు. ప్రత్యయం ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని చెప్పదు. ముందున్న క్రియ ఎవరి చేతిలో నుంచి బయలుదేరి ఎవరి దగ్గర ఆగిందో చెబుతుంది. కాబట్టి చివర చూశాక మళ్లీ ముందుకు తిరిగి, ‘ఇచ్చినది ఏమిటి?’ అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అలవాటు చేస్తే చాలు, ఆ జంటల్ని బట్టీ పట్టక్కర్లేదు.

మన దస్తావేజు లేఖరులు ఈ పనిని ఎంత తేటగా చేశారో చూడండి. పాత విక్రయ దస్తావేజు ఏదైనా తీయండి. ఫలానా గారికి ఫలానా గారు వ్రాసి ఇచ్చిన శుద్ధ విక్రయ దస్తావేజు అని మొదలవుతుంది. భూమి ఎటు పోయిందో చెప్పేది ఒక్క ‘కి’ మాత్రమే. దాన్ని తీసి రెండో పేరుకు తగిలిస్తే పొలం వెనక్కి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఇద్దరికీ పేర్లు పెడతారు: వ్రాసి ఇచ్చినవారు, వ్రాయించుకున్నవారు. ఈ రెండో మాటను విప్పితే ఎంత ఉందో! వ్రాయు, దానికి ‘ఇంచు’, దానికి ‘కొను’, ఆపైన భూతకాలం, ఆపైన మనిషి. ఇంకొకరి చేత పని చేయించి, ఆ ఫలితాన్ని తన దగ్గర ఉంచుకున్నవాడని అర్థం. ఇంగ్లీషువాడి ‘ఈ’ మనిషిని ఊరకే కూర్చోబెట్టి అతని మీద పని జరిగినట్టు చూపిస్తే, మన ‘ఇంచుకొను’ అతణ్ణి లేపి నిలబెట్టింది. కొన్నవాడు తన హక్కు కోసం అడిగి రాయించుకున్నాడు. తనఖా విషయంలోనూ ఇంతే. పెట్టినవారు, పెట్టించుకున్నవారు. ఏ రైతూ ఈ రెండిటి మధ్య తికమకపడడు. ఈ మాటల్ని బల్ల మీద పెట్టుకుని మార్ట్‌గేజీ పాఠం చెబితే తొమ్మిదో తరగతి పిల్లకు పావుగంట చాలు.

ఈ ‘కొను’ ఇంకొక చోట కూడా అక్కరకొస్తుంది. రెఫ్యూజీ అనే మాటలో ‘ఈ’ ఉంది గానీ, అతనికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్ల రక్షణ కోసం ఉన్న శాసనాన్ని రద్దు చేస్తే, వాళ్లు పారిపోయి ఇంగ్లండు చేరారు. వాళ్లతో పాటు ఆ మాటా చేరింది. ఫ్రెంచిలో దాని వెనక ఉన్నది తనకు తాను చేసుకునే క్రియ. మనం అదే మనిషిని తలదాచుకున్నవాడు అంటాం. వరదలకు లంకలు మునిగినప్పుడు గట్టు మీద తలదాచుకున్నవాళ్లను చూసిన ప్రాంతం మనది. ఆ ‘కొను’ ఏమిటో మన పిల్లలకు వివరించక్కర్లేదు. సిటీ బస్సుల మీద రాసే స్టాండీ, హాజరుపట్టీలోని ఆబ్సెంటీ కూడా తాము చేసిన పనికి తామే గురి అయినవాళ్లు. నియమం తప్పిందని పిల్లల్ని కంగారు పెట్టకుండా, ‘కొను’ కోసం చూడమంటే సరిపోతుంది.

వేదం చదువుకున్న కుటుంబాలు ఈ సభలో చాలా ఉన్నాయి. మీకు ఇదంతా కొత్త కాదు. ఇచ్చేవాడు దాత, ఇవ్వబడినవాడు దత్తుడు. పాణిని వీటికి ప్రత్యయాల పేర్లు పెట్టి, సూత్రాలు చెప్పి ఎన్ని శతాబ్దాలైందో! పైగా దాతలోని ప్రత్యయం, లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ‘టర్’ ప్రత్యయం ఒక తల్లి బిడ్డలు. డోనర్ అన్నా దాత అన్నా ధాతువూ ఒకటే. 1816లో జర్మనీలో ఫ్రాంజ్ బాప్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ క్రియల చివరలను పక్కపక్కన పెట్టి అవి ఒక కుటుంబమని చూపించాడు. అదే ఏడు మద్రాసులో ఎల్లిస్, కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన తన వ్యాసంలో, తెలుగు ఆ కుటుంబానికి చెందదని, తమిళ కన్నడాలతో కలిసి ఇంకొక కుటుంబమని నిరూపించాడు. కాబట్టి తెలుగు చదువుకున్న కోనసీమ పిల్ల చేతిలో రెండు కుటుంబాల ప్రత్యయాలున్నాయి. సంస్కృతం నుంచి వచ్చినవి ఇంగ్లీషుకు చుట్టాలు. ఇంట్లో మాట్లాడేవి చుట్టాలు కాకపోయినా ఇంగ్లీషు పని చేసి పెట్టగలవి. ఇంత ఆస్తి ఉన్న పిల్లను ఏమీ తెలియనట్టు కూర్చోబెట్టి, ఇంగ్లీషు ప్రత్యయాల జాబితా బోర్డు మీద రాసి చూసి రాయమనడం నాకు బాధగా ఉంటుంది.

మూడో వనరు కూడా ఒకటుంది. పారశీకం నుంచి వచ్చిన ‘దారు’. జమీందారు, తహశీల్దారు కాలం నుంచి ఇవాళ్టి ఖాతాదారు, వాటాదారు, లబ్ధిదారు, దరఖాస్తుదారు దాకా ఆఫీసు తెలుగంతా దాని మీదే నడుస్తోంది. అయితే అది దిక్కు చెప్పదు. ‘కలిగినవాడు’ అని మాత్రం చెబుతుంది. కౌలుదారు అంటే కౌలు ఇచ్చినవాడా, పుచ్చుకున్నవాడా అన్నది ఆ మాటలో లేదు. వాడుక వల్ల మనకు తెలుసు, అంతే.

కౌలు మాట వచ్చింది కనక ఇంకొక సంగతి చెప్పాలి. గోదావరి డెల్టాలో సాగు చేసే చేతులు చాలా చోట్ల పొలం యజమానివి కావు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా మన వైపు చూసింది. ఆ ఏడాదే కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. దాని పేరు ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ లైసెన్స్‌డ్ కల్టివేటర్స్ చట్టం. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. అది ఇచ్చినది పదకొండు నెలల పత్రం, దానికి యజమాని సంతకం కావాలంది. ఈ రెండు పేర్లలోనూ లెస్సీ లేడు, టెనెంటు లేడు. లైసెన్స్‌డ్ అనే మాట చివరున్న ‘డ్’, కల్టివేటర్ అనే మాట చివరున్న ‘టర్’ ఏం చెబుతున్నాయో చూడండి. ఒకటి అనుమతి ఇవ్వబడినవాడని, ఇంకొకటి సాగు చేసేవాడని చెబుతుంది. లీజు అంటే భూమిలో ఒక హక్కు చేతులు మారినట్టు. లైసెన్సు అంటే వాడుకోవడానికి అనుమతి మాత్రమే, భూమిలో హక్కు పుట్టదు. ఈ తేడా 1882 నుంచీ మన చట్టాల్లో ఉంది. కార్డు పట్టుకున్న రైతుకు తనకు వచ్చినదేదో, రానిదేదో ఆ పేరు చివరలే చెప్పేశాయి. వాటిని చదవగలిగినవాడు ఊరికొకడు ఉన్నా బాగుండేది.

చెక్కు సంగతి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. 1881 నాటి చట్టం ప్రకారం చెక్కు రాసినవాడు డ్రాయర్, డబ్బు చెల్లించమని ఎవరికి రాశాడో ఆ బ్యాంకు డ్రాయీ, ఎవరికి ముట్టాలో అతను పేయీ. మన వాడుకలో ‘డబ్బు డ్రా చేశాను’ అంటే తీసుకున్నానని. అందుచేత డ్రాయర్ అంటే డబ్బు తీసుకున్నవాడని మనవాళ్లు అనుకుంటారు. అంబాజీపేటలో కొబ్బరి అమ్మిన రైతుకు వ్యాపారి ఇచ్చిన చెక్కు వెనక్కి తిరిగి వస్తే, దానితో వచ్చే చీటీ మీద ‘రిఫర్ టు డ్రాయర్’ అని ఉండవచ్చు. చెక్కు రాసినవాణ్ణే అడగమని దానర్థం. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన ముప్పై రోజుల్లోగా పేయీ నోటీసు ఇవ్వాలి. అందుకున్న పదిహేను రోజుల్లోగా డ్రాయర్ కట్టాలి. గడువు ఎవరిదో తెలియక రోజులు జారిపోతే కేసు నిలవదు.

నామినీ అనే మాటకు వద్దాం. దీని వల్ల కుటుంబాల్లో జరిగిన గొడవలు ఈ సభలో ఉన్న ప్రతి పెద్దకూ తెలుసు. నామినేట్ చేయడమంటే పేరు చెప్పడం. నామినీ అంటే పేరు చెప్పబడినవాడు. అంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ లేదు. వారసుడని గానీ, సొంతదారని గానీ అందులో లేదు. 1938 నాటి బీమా చట్టం కింద నామినీకి డబ్బు పుచ్చుకునే అధికారమే తప్ప, దాన్ని వారసులతో పంచుకోకుండా ఉంచుకునే హక్కు లేదని 1983లో సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకు డిపాజిట్ల గురించి 2010లో, కంపెనీ షేర్ల గురించి 2023లో అదే దారిలో తీర్పులిచ్చింది. బీమా విషయంలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రుల్నో, భార్యాభర్తల్నో, పిల్లల్నో నామినీగా రాస్తే ఆ సొమ్ము మీద వాళ్లకు హక్కు కూడా ఇచ్చారు. చట్టం మార్చాల్సి వచ్చిందంటే, ఆ మాట తనంతట తాను హక్కు ఇవ్వలేదనేగా అర్థం! ప్రత్యయం మొదటి నుంచీ నిజమే చెబుతోంది. మనం మాట మొదలు చూసి ఆగిపోయాం.

ఇంతవరకూ తెలుగు మనకు సాయపడే చోట్లు చెప్పాను. సాయపడని చోటు ఒకటుంది. నిజానికి మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. ‘పాము చంపిన మనిషి’ అంటే ఎవరు చనిపోయారు? మనిషి పామును చంపి ఉండవచ్చు, పాము మనిషిని చంపి ఉండవచ్చు. ‘చదివిన పిల్ల’ అన్నా ‘చదివిన పుస్తకం’ అన్నా ‘చదివిన’ ఒకటే. ఈ ‘ఇన’ కాలం చెబుతుంది గానీ దిక్కు చెప్పదు. చదివిన, చదివే, చదవని అంటూ జరిగిందా, జరుగుతుందా, జరగలేదా అని చూస్తుంది. చదివింది ఎవరో, చదవబడింది ఏదో వినేవాడే తెలుసుకోవాలి. ఇంగ్లీషులో నామానికి ముందు వచ్చే ‘ఇంగ్’, ‘ఎడ్’ ప్రధానంగా దిక్కు చెబుతాయి. బోరింగ్ అంటే విసుగు పుట్టించేది, బోర్డ్ అంటే విసుగు పుట్టినవాడు. మన పిల్లలు వాటిని కాలం చూపేవిగా వింటారు. ‘ఇంగ్’ ఇప్పటిది, ‘ఎడ్’ అప్పటిది అనుకుంటారు. అందుకే ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘నాకు ఈ పని మీద ఆసక్తి ఉంది’ అనబోయి, నేనే ఆసక్తికరమైన మనిషినన్నట్టు ఐ యామ్ ఇంటరెస్టింగ్ అంటారు. ఇది తెలివితక్కువ కాదు. తెలుగు తర్కాన్ని నిజాయితీగా ఇంగ్లీషుకు అన్వయించడం. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో కొట్టేస్తే పిల్లకు ఏమీ తెలియదు. ‘మన ‘ఇన’ కాలం చెబుతుంది, వాళ్ల ‘ఎడ్’ దిక్కు చెబుతుంది, ఇక్కడ పుట్టించేది వేరు, పుట్టినది వేరు’ అని ఒకసారి చెబితే తెలుస్తుంది. ఈ తేడా తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడే చెప్పగలడు. ఇంగ్లండు నుంచి వచ్చిన పుస్తకం చెప్పలేదు, ఎందుకంటే దాన్ని రాసినవారికి ‘పాము చంపిన మనిషి’ తెలియదు.

‘ఏబుల్’ మీద రెండు మాటలు. బడిలో దీనికి ‘తగిన’ అని ఒకే అర్థం చెబుతారు. రీడబుల్ అంటే చదవదగినది. సరే. పేయబుల్ అంటే చెల్లించదగినది కాదు, చెల్లించవలసినది. పనిషబుల్ అంటే శిక్షకు గురి కాగలది. రెన్యూవబుల్ అంటే పొడిగించే వీలున్నది. తెలుగులో తగు, వలయు, కల, వీలు అని నాలుగు దారులున్నచోట ఇంగ్లీషు ఒకే ప్రత్యయంతో నెట్టుకొస్తుంది. రెండేళ్ల గల్ఫు అగ్రిమెంటు మీద రెన్యూవబుల్ అని ఉంటే, రెండేళ్ల తర్వాత తప్పకుండా పొడిగిస్తారని ఇంట్లోవాళ్లు సంబరపడి అప్పులు చేస్తారు. అది వీలు మాత్రమే, ఇచ్చిన మాట కాదు. ఈ ఒక్క తేడా మన ఊళ్లలో ఎన్ని పుస్తెలతాళ్లను తాకట్టులో ఉంచిందో మీలో చాలామంది చూసే ఉంటారు.

ఇంగ్లీషుకు ఒకప్పుడు చివరలు చాలా ఉండేవి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో రాయి అనే మాటకు మన విభక్తుల్లాగే ఒక్కో సందర్భానికి ఒక్కో చివర. ఒత్తు మాట మొదట్లోనే పడే భాష కావడం వల్ల కొసలు అరిగిపోయాయి. ఇవాళ వచన కాలాల వంటి వాటికి మిగిలినవి ఎనిమిదే అని వ్యాకర్తల లెక్క. అరిగిపోయినవాటి జాడలు మాత్రం అక్కడక్కడా ఉన్నాయి. రైజ్ అంటే లేచు, రెయిజ్ అంటే లేపు. ఫాల్ అంటే పడు, ఫెల్ అంటే చెట్టును పడగొట్టు. సిట్, సెట్ కూడా అంతే. ఒకప్పుడు మన ‘ఇంచు’ వంటి ప్రత్యయం ఒకటి చివర ఉండేది. అది మాట లోపలి అచ్చును మార్చేసి తాను వెళ్లిపోయింది. లై, లే అనే జంట దగ్గర దేశమంతా తికమకపడుతుంది. దిగు, దించు, దింపు తెలిసిన కోనసీమ పిల్లలు తికమకపడనక్కర్లేదు. కొబ్బరి తోటలో దింపు ఎప్పుడో, ఒలుపు ఎక్కడో వాళ్ల ఇళ్లలో రోజూ వినే మాటలు. దిగడం కాయ పని, దించడం మనిషి పని.

ఆ దింపు, ఒలుపు అనే మాటల్నే ఇంకొకసారి చూడండి. దించు నుంచి దింపు, ఒలుచు నుంచి ఒలుపు, ఊడ్చు నుంచి ఊడ్పు, నూర్చు నుంచి నూర్పు. కోయు నుంచి కోత, మేయు నుంచి మేత, పూయు నుంచి పూత, కాయు నుంచి కాత. క్రియను నామం చేసే ప్రత్యయాలు మన పొలంలో సార్వాకూ దాళ్వాకూ పని చేస్తూనే ఉన్నాయి. ఇంగ్లీషు ‘మెంట్’, ‘షన్’, ‘ఏజ్’ చేసేది ఇదే పని. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ మాండలిక పదకోశంలో ఇటువంటి పొలం మాటలు జిల్లాలవారీగా ఉన్నాయి. ఆ పుస్తకం ఇంగ్లీషు ఉపాధ్యాయుల బల్ల మీద ఉండాలని నా కోరిక.

నూరేళ్ల కిందటెప్పుడో బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషువాడు, తాను పాఠాల్లో నేర్చుకున్న తెలుగుకూ బడి బయట చెవిన పడే తెలుగుకూ ఎందుకు పొంతన లేదని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తిగారిని కదిలించింది. దాని వెంట వచ్చిన వ్యావహారిక ఉద్యమం మీకు తెలిసిందే. గిడుగువారి రెండో పని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. ఆయన సవరల మాటను వాళ్ల నోటి నుంచే విని, ఏ చివర ఎప్పుడు వస్తుందో రాసుకుని, 1931లో సవర వ్యాకరణం అచ్చు వేయించారు. భాషను మనుషుల పని నుంచి నేర్చుకున్నారు. ఇప్పుడు యేట్స్ ప్రశ్న తిరగబడి మన ముందు నిలబడింది. బడిలో పిల్లలు నేర్చే ఇంగ్లీషుకూ, ఇంటికొచ్చే కాగితం మీద ఉన్న ఇంగ్లీషుకూ ఎందుకు పొంతన లేదు? మాధ్యమం ఏదైనా సరే, జీఓలు వచ్చినా కోర్టులు కొట్టేసినా, ఈ ప్రశ్న అలాగే ఉంటుంది. పరీక్షలో ప్రత్యయాల మీద ప్రశ్న ఉంటుంది. దానికి మార్కులు తెచ్చుకున్న పిల్ల, తనఖా పత్రంలో తన తండ్రి ఏ పక్షమో చెప్పలేకపోతే, ఆ మార్కులు ఇచ్చినవాళ్లం మనం జవాబు చెప్పాలి.

కమిటీ అనే మాట గురించి ఒక సంగతి చెప్పి నా ప్రతిపాదనకు వస్తాను. మొదట్లో ఇంగ్లీషులో కమిటీ అంటే సంఘం కాదు, ఒక మనిషి. ఒక పని ఎవరికి అప్పగించారో అతను. తర్వాత అది పదిమందికి పేరైంది. ట్రస్టీ కూడా అంతే, నమ్మి అప్పగింత పొందినవాడు. మనం ట్రస్టీని ధర్మకర్త అన్నాం. అంతర్వేది గుళ్లో గానీ అయినవిల్లి గుళ్లో గానీ ఆ పదవికి ఉన్న పేరు ‘కర్త’, చేసేవాడు. ఈ స్మారక నిధికి కమిటీవారైన మీరు రెండు అర్థాల్లోనూ బాధ్యులు. మాస్టారి పని మీకు అప్పగించబడింది, చేయవలసిందీ మీరే.

నా ప్రతిపాదన ఇది. ఈ నిధి వడ్డీతో తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం వేద్దాం. ఒక్కో పాఠానికి ఒక్కో కాగితం: చెక్కు, పంటరుణం ఫారం, తనఖా పత్రం, బీమా పాలసీ, సాగుదారు కార్డు, గల్ఫు అగ్రిమెంటు. పేర్లు కొట్టేసిన నిజమైన కాగితాలే అచ్చు వేయాలి, ఊహించి రాసినవి వద్దు. ప్రతి కాగితం కింద మొదట తెలుగు దస్తావేజు మాట, తర్వాత ఇంగ్లీషు మాట, ఇచ్చినదేమిటి అనే ప్రశ్న. ‘ఎడ్’, ‘ఇంగ్’ పాఠం మాత్రం విడిగా, పొడుగ్గా ఉండాలి. దాన్ని రెండు వారాలు చెప్పినా తప్పులేదు. మొదటి పాఠానికి చెక్కు మేలని నా అభిప్రాయం, ఎందుకంటే దాని మీద ఇద్దరు కాదు, ముగ్గురున్నారు. ముగ్గురినీ విడదీయగలిగిన పిల్లకు మిగతా జంటలు తేలిక. తనఖా పాఠానికి అమలాపురంలోని దస్తావేజు లేఖరుల సాయం తీసుకుందాం. వాళ్ల తెలుగు ఆ పుస్తకంలో యథాతథంగా ఉండాలి. సాగుదారు కార్డు పాఠం కొత్తపేట ఉపాధ్యాయులు రాయవచ్చు. గల్ఫు అగ్రిమెంటు పాఠం రాజోలు ఉపాధ్యాయులే రాయాలి. ఆ కాగితాలు వాళ్ల విద్యార్థుల ఇళ్లలోని బీరువాల్లోనే ఉన్నాయి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా చెక్కు పాఠం, ‘ఎడ్’, ‘ఇంగ్’ పాఠం చిత్తుప్రతులు నేను రాసి కమిటీవారికి అందజేస్తాను.